వరుడు లేని పెండ్లి

పాలమూరు జిల్లా పడమటి గ్రామములలో కొన్ని పెండ్లిండ్లకు వరుడుండెడివాడు కాడు. పందిరి వేసెడివారు, పసుపు కుంకుమలు తెచ్చెడివారు, డప్పులు మ్రోగెడివి, బంధువులకు భోజనములు జరిగెడివి. పెండ్లికూతురు మాత్రము పీటపై ఒంటరిగా కూర్చుండెడిది. ఆమె వయస్సు ఏ ఐదేండ్లో, ఏడేండ్లో, మహా అయిన పదేండ్లో. ఎల్లమ్మ పేరనో, పోచమ్మ పేరనో ఆ పసిదాని మెడలో తాళి పడెడిది. నాటినుండి ఆ బిడ్డ జోగిని. ఆమె కిక మఱియొక పెండ్లి లేదు. ఈడేరిన పిదప ఏ ఇంటికిని ఆమె కోడలు కాదు. కాని ఊరిలో బలముగలవాడు కోరినచో కాదనుటకు ఆమెకు హక్కు లేదు. ఆమె కన్న బిడ్డలకు తండ్రి పేరు లేదు.

ఈ దురాచారమును గూర్చి సంస్కర్తలు పలికినది కలదు, ప్రభుత్వములు వ్రాసినది కలదు. వానిని మరల వల్లించుట మా యుద్దేశము కాదు. ఆ పీటపై కూర్చున్న పసిపిల్లలే పెరిగి పెద్దవారై, తమకు బాల్యమున జరిగినది దైవాజ్ఞ కాదు, అన్యాయము అని తమ నోటితో చెప్పిన ఘట్టమొకటి మన చరిత్రలో కలదు. అది ఏ రాజు జయించిన యుద్ధమునకును తీసిపోదు. అయినను పాఠ్యపుస్తకములలో దానికి చోటు తక్కువ. నల్లగొండ, మహబూబునగరు సీమలలో బాలికల దాస్యము రెండు రూపములు తాల్చెను. ఒకటి గడి లోపల, రెండవది గుడి ముందట. ఆ రెంటినుండియు మాట ఎట్లు వెలువడెనో, ఆ మాటకు న్యాయమెంతవఱకు దొరకెనో ఇచట వివరింప యత్నింతుము.

మొదట ఆ భూమిని తలచుకొనవలెను. కృష్ణ దక్షిణపుటెల్లగా పాఱుచున్నను నీరు మెట్టకెక్కని సీమ యిది. నల్లరాతి గుట్టలు, ఎఱ్ఱ చెలకలు, వాన పడిన యేడు జొన్న, పడని యేడు వలస. ఇట్టిచోట చెఱువు క్రింది తరిపొలము ఎవరి చేతిలో నుండునో ఊరంతయు వారి చేతిలో నుండును. నిజాము కాలమున దేశముఖులు, దేశపాండ్యాలు, పటేలు పట్వారీలు అట్టివారైరి. పన్ను వసూలు వారిదే, కొలత వారిదే, తగవు తీర్చుట వారిదే. ఫిర్యాదు చేయదలచినవాడు ఎవరిపై ఫిర్యాదో వారి యొద్దకే పోవలసి యుండెను. ఈ ఒక్క మాట గుర్తుంచుకొన్నచో తరువాతి కథయంతయు తెలియును.

గడిలోని దాస్యమునకు 'ఆడబాప' యని పేరు. పేదయింటి బాలికలు కొందఱు దొరల యిండ్లలో చిన్ననాటనే చేరెడివారు. ఇల్లూడ్చుట, నీళ్లు మోయుట, పిల్లల నెత్తుట, దొరసానులకు కాళ్లొత్తుట వారి పని. దొరబిడ్డ అత్తవారింటికి పోవునపుడు బిందెలతోను, పశువులతోను పాటు ఆడబాపను గూడ అరణముగా పంపెడివారు. ఆ యింటి పురుషుల దౌర్జన్యమునకు అడ్డు చెప్పువా రుండెడివారు కారు. ఆమెకు పుట్టిన బిడ్డలు ఆ యింటి చాకిరికే చెందెడివారు. మగపిల్లల విషయమున దాస్యము మఱియొక విధము. తండ్రి తెచ్చిన అప్పునకు కొడుకును జీతమునకు పెట్టుట వాడుక. పశువుల వెంట పోయిన ఆ జీతగాడు గడ్డము వచ్చిన తరువాత గూడ అసలు తీఱలేదని వినెడివాడు.

వెట్టిని నిషేధించుచు నిజాము ప్రభుత్వము ఫర్మానాలు వెలువరింపకపోలేదు. కాని ఫర్మానా హైదరాబాదులో ఉర్దూలో పుట్టెను. వెట్టివాడు ఊరిలో తెలుగులో ఏడ్చెను. నడుమ నున్నవాడు దొర. ఆ ఫర్మానాను చదివి వినిపించువాడు లేడు. చదివినను దానిని చేతబట్టుకొని నిలువగల చోటు లేదు.

ఆ నడుమనున్న గోడను మొదట తట్టినవారు పత్రికలవారు, సభలవారు. 1922 లో నల్లగొండనుండి షబ్నవీసు వేంకట రామనరసింహారావుగారు 'నీలగిరి' పత్రికను నడపిరి. పాలమూరు సీమవారైన సురవరము ప్రతాపరెడ్డిగారు 1926 లో 'గోలకొండ' పత్రిక నారంభించిరి. 1930 లో జోగిపేటలో ఆయన అధ్యక్షతన తొలి ఆంధ్రమహాసభ జరిగినపుడే నడింపల్లి సుందరమ్మగారి అధ్యక్షతన మహిళాసభయు జరిగెను. మఱుసటి సంవత్సరము నల్లగొండ జిల్లా దేవరకొండలో బూర్గుల రామకృష్ణారావుగారి అధ్యక్షతన రెండవ సభ జరిగెను. వెట్టిచాకిరి, బాల్యవివాహము, స్త్రీవిద్య ఈ సభలలో చర్చకు వచ్చెను. హైదరాబాదు నగరమున భాగ్యరెడ్డివర్మగారు అంతకు పూర్వమే, 1906 లో జగన్మిత్రమండలిని స్థాపించి, దళిత బాలికలను దేవతలపేర విడుచు ఆచారమును మాన్పుటకు పాటుపడిరి. అరిగె రామస్వామిగారు ఆ మార్గముననే నడచిరి. వారి కృషికి మనము ఋణపడి యున్నాము. అయినను ఒక సంగతి గమనింపక తప్పదు. ఆ సభలలో ఆడబాపను గూర్చి మాటాడినవారు కలరు గాని, ఆడబాప వేదికనెక్కి మాటాడుట జరుగలేదు. ఆమె కథ ఇతరుల దయవలన వినబడుచుండెను.

1946 నుండి 1951 వఱకు జరిగిన తెలంగాణ రైతాంగ పోరాటముతో ఆ స్థితి మాఱనారంభించెను. నాడు నల్లగొండ జిల్లాలో నుండిన జనగామ తాలూకాలో, పాలకుర్తి గ్రామమున చాకలి ఐలమ్మ దొరను ధిక్కరించి తాను సాగుచేసిన పంటను తన యింటికి చేర్చుకొనెను. నేటి సూర్యాపేట జిల్లా కరివిరాల కొత్తగూడెమున భూస్వామి కుటుంబమున 1931 లో జన్మించిన మల్లు స్వరాజ్యముగారు బాల్యముననే తమ యింటి ధాన్యమును కూలీలకు పంచి, తరువాత దళములలో చేరిరి. గడి తలుపులు తెఱచుకొన్నవి. ఆడబాపలు కొందఱు వెలుపలికి వచ్చిరి.

వారు వెలుపలికి వచ్చినను వారి కథ వెంటనే వెలుపలికి రాలేదు. పోరాటమును గూర్చి వెలువడిన తొలి గ్రంథములలో నాయకుల పేర్లు, తేదీలు, తుపాకుల లెక్కలు కనబడును. ఆడువారి బాల్యము కనబడదు. ముప్పదేండ్లు గడచిన తరువాత హైదరాబాదులోని స్త్రీశక్తి సంఘటన సభ్యురాండ్రు కొందఱు ఊరూర తిరిగి, ఆ పోరాటమున పాల్గొన్న స్త్రీల యెదుట కూర్చుండి, వారు చెప్పినది చెప్పినట్లు టేపులపై నెక్కించిరి. ఆ మాటలు 1986 లో 'మనకు తెలియని మన చరిత్ర' యను పేర గ్రంథముగా వెలువడినవి. 1989 లో ఆంగ్లమునను వచ్చినవి. అందలి స్త్రీలు ఉపన్యాసములు చేయలేదు. తినిన తిండి, పడిన దెబ్బ, విడిచిన బిడ్డ, పోరాటమున కలిగిన ధైర్యము, అది ముగిసిన తరువాత కలిగిన ఒంటరితనము, వీనిని తమ యాసలోనే చెప్పిరి. మనము తెలిసికొనవలసిన మొదటి పాఠము ఇందు కలదు. వారికి నోరు లేక కాదు. ముప్పదేండ్లపాటు వారి యెదుట నెవరును కూర్చుండలేదు.

ఇక గుడి ముందటి దాస్యమునకు వత్తము. గడి కూలినను అది కూలలేదు. దానికి కారణములు పెక్కు.

జోగిని ఆచారము దక్షిణ తెలంగాణములో నారాయణపేట, మక్తల్, ఊట్కూరు ప్రాంతములలో విశేషముగా నుండెను. ఈ సీమ కర్ణాటకపు రాయచూరు, యాదగిరి సీమలకు సరిహద్దు. ఎల్లమ్మ భక్తియు, బాలికలను విడుచు వాడుకయు సరిహద్దునకు ఇరువైపుల నొక్కటియే. ఇట్టి ఆచారమే తెలుగునాట వేఱువేఱు చోట్ల వేఱువేఱు పేర్లతో నడచెను. రాయలసీమలో బసివి, చిత్తూరు వైపున మాతమ్మ, ఉత్తర తెలంగాణములో కొన్నిచోట్ల పార్వతి. విడువబడిన బాలికలలో అత్యధికులు మాల మాదిగ కుటుంబములవారు. ఇంట రోగము వచ్చినను, వానలు లేక కఱవు వచ్చినను, మగసంతు లేకున్నను బిడ్డను దేవతకు మ్రొక్కుకొనుట వాడుక. మగబిడ్డ లేని యింట ఆడబిడ్డకు పెండ్లిచేసి పంపినచో ముసలితనమున అన్నము పెట్టువారు లేరు. జోగినిగా విడిచినచో ఇంటనే యుండి కష్టించి పోషించును. ఇది పేదరికము చెప్పిన లెక్క. ఆ లెక్కకు వెనుక ఊరిపెద్దల ఒత్తిడి యుండెడిది. దానికి పైన భక్తి యను ముసుగు వేసెడివారు.

ఊరి జాతరలో జోగిని ముందు నడువవలెను. పెద్దలింట ఎవరైన మరణించినచో శవయాత్ర ముందట ఆడవలెను. మిగిలిన దినములలో కూలికి పోవలెను, లేదా జోగునెత్తి బిచ్చమడుగవలెను. పండుగనాడు దేవత యని మ్రొక్కినవారే మఱునాడు ఆమెను పేరు పెట్టి పిలుచుటకు గూడ ఇచ్చగింపరు. దేవదాసికి ఆలయ మాన్యము, సంగీతము, నాట్యము అను పేరైన నుండెను. జోగినికి అదియు లేదు. ఆమెను గూర్చి పండితులు గ్రంథములు వ్రాయలేదు, కవులు వర్ణనలు చేయలేదు. కనుకనే సంస్కర్తల కంటికి గూడ ఆమె ఆలస్యముగా కనబడెను.

శాసనముల చరిత్రయు ఇట్లే నడచెను. బొంబాయి రాజధానిలో 1934 లోను, మద్రాసు రాజధానిలో 1947 లోను దేవదాసీ నిషేధ శాసనములు వచ్చెను. మద్రాసు శాసనమునకు వెనుక డాక్టరు ముత్తులక్ష్మీ రెడ్డిగారి రెండు దశాబ్దముల కృషి కలదు. కాని హైదరాబాదు రాజ్యము వేఱు. అది మద్రాసు శాసనపు పరిధిలో లేదు. 1929 నాటి శారదా చట్టము గూడ బ్రిటిషు ఇండియాకే పరిమితము. 1956 లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత సైతము జోగినిని పేరుపెట్టి పేర్కొన్న చట్టము వచ్చుటకు మఱి 32 సంవత్సరములు పట్టెను. ఈ లోపల ఎందఱు బాలికలు ఆ పీటపై కూర్చుండిరో ఏ దస్తావేజులోను లేదు.

1980 దశకమున నిజామాబాదు జిల్లాలో హేమలతా లవణముగారు, ఆమె భర్త లవణముగారు జోగినుల నడుమ పని నారంభించిరి. హేమలతగారు మహాకవి గుఱ్ఱం జాషువాగారి కుమార్తె. వర్నిలో వారు నెలకొల్పిన ఆశ్రయమునకు 'చెల్లి నిలయము' అని పేరు పెట్టిరి. ఊరిలో జోగినికి వేయి పేర్లుండెను గాని చెల్లి యని పిలిచినవారు లేరు. ఆ పిలుపు ఎంత పని చేసెనో చట్టము సైతము అంత చేయలేదనిన అతిశయోక్తి కాదు.

1988 లో ఆంధ్రప్రదేశ్ దేవదాసీల అంకిత నిషేధ చట్టము వచ్చెను. దేవదాసి యనగా బసివి, జోగిని, పార్వతి, మాతమ్మ, త్యమ్మ మొదలగు ఏ పేరున పిలువబడినను ఆమె యందు చేరునని ఆ చట్టము నిర్వచించెను. ఇట్లు విడువబడిన స్త్రీ వివాహము చేసికొన్నచో అది చెల్లునని ప్రకటించెను. బాలికను విడుచు కార్యమును జరిపినవారికి మూడేండ్ల వఱకు, వారు తల్లిదండ్రులో సంరక్షకులో బంధువులో అయినచో ఐదేండ్ల వఱకు కారాగారము విధించెను. 1990 లో విశాల్ జీత్ అను వ్యాజ్యమున సుప్రీముకోర్టు దేవదాసి, జోగిని ఆచారములను బాలికల వ్యభిచార సమస్యతో కలిపి విచారించి, వీని నిర్మూలనకు సలహాసంఘములను ఏర్పఱచుడని ప్రభుత్వముల నాదేశించెను.

చట్టము మంచిదే. కాని ఆ చట్టము క్రింద శిక్షపడినవారు బహు స్వల్పము. ఏల? ఈ ప్రశ్నకు సమాధానము చట్టము నిర్మాణములోనే కొంత కలదు. నేరము 'విడుచుట' యనెడి ఒక్కదినపు కార్యము. ఆ దినమున అచట నున్నవారు తల్లి, తండ్రి, మేనమామ, పూజారి, ఊరివారు. సాక్ష్యము చెప్పవలసినది ఏడేండ్ల బాలిక. ఆమె సాక్ష్యము చెప్పినచో ఎక్కువ శిక్ష పడునది ఆమె తల్లిదండ్రులకే. ఇక పదేండ్లు గడచిన తరువాత, ఆ విడుపును అడ్డము పెట్టుకొని ఆమెను వాడుకొనిన బలవంతుడు ఆ దినమున పందిరి క్రింద లేడు. పేదవాని తప్పు చట్టమునకు స్పష్టముగా కనబడెను; పెద్దవాని తప్పు ఆచారము వెనుక దాగెను. ఊరు మౌనము వహించెను. చట్టమునకు చేతులుండెను గాని చెవులు లేకపోయెను.

ఆ చెవులుగా నిలిచినవారు జోగినులే. మహబూబునగరు జిల్లాలో స్వచ్ఛంద సేవకుల తోడ్పాటుతో జోగినులు సంఘములుగా ఏర్పడిరి. జోగినీ వ్యవస్థకు వ్యతిరేకముగా జరిగిన ఆ పోరాటమున తానును ఒకప్పుడు జోగినియైన హాజమ్మగారు నాయకురాలై నిలిచిరి. వారు మొదట చేసిన పని కోర్టునకు పోవుట కాదు. ఒకరి కథ నొకరు వినుట. నాకొక్కతెకే ఇట్లు జరిగెను, ఇది నా పూర్వజన్మ ఫలము అని ప్రతియామెయు అనుకొనుచుండెను. పదిమంది కూర్చుండి చెప్పుకొన్నపుడు పది కథలును ఒక్కటియే యని తేలెను. అందఱి కథ ఒక్కటియైనపుడు అది కర్మ కాజాలదు. అది ఎవరో చేసిన ఏర్పాటు.

తరువాత వారు మాటను క్రియగా మార్చిరి. శవము ముందట ఆడుట మానిరి. జాతర సమయమున ఏ ఊరిలో ఏ బిడ్డను విడువబోవుచున్నారో తెలిసికొని, అధికారులకు కబురంపి, పోలీసులను వెంటబెట్టుకొని పోయి ఆపించిరి. ఆ తల్లిదండ్రులతో మాటాడుటకు వారికంటె తగినవారెవరు? బయటినుండి వచ్చిన అధికారి ఇది నేరమని చెప్పును. జోగిని తన మెడలోని తాళిని చూపి, నా గతి చూడుడు, మీ బిడ్డకు ఇది వలదు అని చెప్పును. మొదటి మాట భయపెట్టును, రెండవ మాట కదలించును.

వారు కోరిన న్యాయమును గూడ మనము శ్రద్ధగా వినవలెను. ఎవరినో ఉరితీయుమని వారడుగలేదు. బ్రతుకుటకు భూమి, ఉండుటకు ఇల్లు, ముసలివారికి పింఛను, పిల్లలకు చదువు అడిగిరి. అన్నిటికి మించి, బడిలో పిల్లవానిని చేర్చునపుడు తండ్రి పేరేమని అందఱి యెదుట గద్దించి అడుగవలదని అడిగిరి. బిడ్డకు తల్లి పేరు చాలునను వారి వాదమునకు దేశమంతట బలము చేకూరుచు వచ్చెను. 2015 లో వేఱొక వ్యాజ్యమున సుప్రీముకోర్టు, అవివాహితయైన తల్లి తండ్రి పేరు వెల్లడింపకయే బిడ్డకు సంరక్షకురాలు కావచ్చునని తీర్పు చెప్పెను. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము నియమించిన వి. రఘునాథరావుగారి ఏకసభ్యసంఘము నేటి రెండు తెలుగు రాష్ట్రములలో కలిపి ఇట్టి స్త్రీలు సుమారు 80,000 మంది యని అంచనా వేసెను. లెక్కింపబడుట గూడ న్యాయములో నొక భాగమే. లెక్కలో లేనివారికి పింఛను రాదు, ఇల్లు రాదు.

వారి మాటలవలన చట్టము తన లోపమును కొంత సవరించుకొనెను. 2016 జనవరి 26 నుండి అమలులోనికి వచ్చిన సవరణచే షెడ్యూల్డు కులముల, తెగల స్త్రీని దేవదాసిగా గాని అట్టి మఱియొక ఆచారము పేర గాని అంకితమొనర్చుట అత్యాచార నిరోధక చట్టము క్రింద నేరమాయెను. అంతకు ముందు, 2012 లో, బాలలపై లైంగిక నేరముల నిరోధమునకై పోక్సో చట్టము వచ్చెను. దీని దృష్టిలో 18 ఏండ్లు నిండని ప్రతివారును బాలలే. బాలునిగాని బాలికనుగాని చెఱచినవాడు దొరయైనను, గురువైనను, మేనమామయైనను, దేవత పేరు చెప్పినను నేరస్థుడే. ఆచారము ఆతనికి అడ్డురాదు. 1988 నాటి చట్టము చూడని మనిషిని ఈ చట్టము చూచెను.

ఈ చట్టములో వినుటను గూర్చిన నియమములు కలవు. వానిని ప్రతి గృహస్థుడును తెలిసికొనుట మేలు. బిడ్డ వాఙ్మూలమును బిడ్డ యింటనో, బిడ్డ కోరిన చోటనో వ్రాసికొనవలెను. సాధ్యమైనంతవఱకు ఎస్సై హోదాకు తగ్గని స్త్రీ అధికారి వ్రాసికొనవలెను. ఆ సమయమున పోలీసు దుస్తులు ధరింపరాదు. ఏ కారణముచేతను బిడ్డను రాత్రి పోలీసు ఠాణాలో నుంచరాదు. నమ్మకమైన పెద్ద యెవరైన ప్రక్కన నుండవలెను. విచారణ గది తలుపులు మూసి జరుపవలెను. నిందితుడు బిడ్డ కంటబడకుండ చూడవలెను. బిడ్డ పేరు, ఇల్లు, బడి పత్రికలలో వెల్లడింపరాదు. నేరము జరిగినదని తెలిసియు తెలుపనివారు శిక్షార్హులు. పూర్వము బిడ్డ న్యాయస్థానపు వాడుకకు లొంగి మాటాడవలసి యుండెను. ఇప్పుడు న్యాయస్థానమే బిడ్డ వాడుకకు వంగవలెనని శాసనము చెప్పుచున్నది. ఆచరణలో ఇది ప్రతిచోటను జరుగుచున్నదని మేము చెప్పజాలము. కాని అడుగుటకు ఆధారమేర్పడినది.

ఇంతవఱకు చదివినవారిలో కొందఱు, ఇది మెట్టసీమ పేదల కథ, మా యిండ్లకు దీనితో నిమిత్తమేమి యని అనుకొనవచ్చును. 2007 లో కేంద్ర స్త్రీ శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రములలో 12,000 మందికి పైగా బాలలను విచారించి ఒక నివేదిక వెలువరించెను. ఆ రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. అందు నూటికి 53 మంది బాలలు ఏదో యొక రూపమున లైంగిక వేధింపునకు గుఱియైనట్లు చెప్పిరి. వారిలో బాలురును కలరు. వేధించినవారిలో పెక్కురు బిడ్డ నమ్మిన, బిడ్డ కెఱుకగల మనుష్యులే. బాధితులలో అధికులు ఆ సంగతి నెవరితోను చెప్పలేదు. గడికి గోడ యున్నట్లే మన యిండ్లకును గోడలు కలవు. మర్యాద యను గోడ, పరువు యను గోడ, పెద్దవారిని అనరాదను గోడ.

మఱి ఇరువదేండ్లు కాచుకొని ఇప్పుడు చెప్పుచున్నారేమని అడుగువారు కలరు. దీనికి దూరదేశమునుండి ఒక సమాధానము చూపుదుము. ఆస్ట్రేలియాలో పాఠశాలలు, అనాథాశ్రమములు, మతసంస్థలలో బాలలపై జరిగిన దౌర్జన్యములను విచారించుటకు 2013 లో ఒక రాయల్ కమిషన్ ఏర్పడెను. అది 2017 వఱకు పనిచేసి, 8,000 మందికి పైగా బాధితులను ఒక్కొక్కరినే ఏకాంతమున కూర్చుండబెట్టి వినెను. తమకు జరిగినది మొదటిసారి ఒకరితో చెప్పుటకు వారికి సగటున దాదాపు 24 సంవత్సరములు పట్టెనని ఆ కమిషన్ గ్రహించెను. నల్లగొండ స్త్రీలు టేపు యంత్రము ముందు నోరు విప్పుటకు పట్టిన కాలమును, పాలమూరు జోగిని సంఘమున నిలువబడుటకు పట్టిన కాలమును దీనితో పోల్చి చూడుడు. ఆలస్యము అబద్ధమునకు గుర్తు కాదు. గాయము లోతునకు గుర్తు. మన దేశములోను 2018 లో కేంద్ర న్యాయశాఖ, బాల్యమున జరిగిన లైంగిక నేరమును పెద్దయైన తరువాత తెలుపుటకు పోక్సో చట్టమున వయఃపరిమితిగాని కాలపరిమితిగాని లేదని స్పష్టపఱచెను.

మూడు కాలముల ఫలితములను ఇప్పుడు ప్రక్కప్రక్కన నుంచి చూతము. నిజాము ఫర్మానా వెట్టిని కాగితముపై రద్దుచేసెను. వెట్టివాని మాట వినువాడు లేనందున వెట్టి నిలిచెను. 1988 చట్టము జోగినిని కాగితముపై విడిపించెను. జోగిని మాట వినబడునంతవఱకు జాతరలు సాగెను. ఆడబాప, జోగిని, నేటి బడిపిల్ల, వీరి నడుమ కాలము మాఱినది, చట్టము మాఱినది. మాఱనిది ఒక్కటి. మొదటిసారి బిడ్డ నోరు తెఱచినపుడు ఎదుటనున్న మనిషి ఏమి చేయునను దానిపైననే తరువాతి సర్వమును ఆధారపడి యున్నది. ఆ మొదటి మనిషి సాధారణముగా న్యాయమూర్తి కాడు, పోలీసు కాడు. తల్లి, అమ్మమ్మ, పంతులమ్మ, పొరుగింటి పిన్ని.

కనుక ఈ పత్రికను చదువు గృహములవారికి మా మనవి యిది. బిడ్డ ఫలానా వారింటికి పోననినచో కొట్టకుడు, కారణమడుగుడు. ఫలానా బాబాయి వద్దనినచో మర్యాద నేర్పకుడు, చెవియొగ్గుడు. చెప్పిన మాటను నమ్ముడు, నీ తప్పు లేదనుడు. బిడ్డను పదిమందిలో నిలిపి మరల మరల చెప్పింపకుడు. బాలల సహాయమునకై 1098 అను ఫోను సంఖ్య కలదు. దానికి గాని, పోలీసులకు గాని తెలుపుడు. మీ ఊరి జాతరలో ఏ పసిబిడ్డకైన పసుపు పూసి పీటపై కూర్చుండబెట్టుట కనబడినచో అది వేడుక యని చూచుచు నిలువకుడు.

1890 లో నిజాము పేర మహబూబునగరమైన పాలమూరు నేడు పెక్కు జిల్లాలుగా విడిపోయెను. నారాయణపేట 2019 లో వేఱు జిల్లా ఆయెను. నల్లగొండయు విడిపోయెను. ఎల్లలు మాఱినను ఆ ఊళ్లలో వృద్ధులైన జోగిను లింకను కలరు. వారిలో కొందఱు తమ బాల్యమును గూర్చి ఎవరికిని చెప్పకయే పోవుదురు. చెప్పగోరినవారు చెప్పుటకు ముందు మన ముఖముల వైపు ఒకసారి చూతురు. ఆ చూపునకు మన ముఖములు ఏమి బదులిచ్చునో దానినిబట్టియే ఈ చరిత్రలోని తరువాతి పుట వ్రాయబడును.